నానమ్మ దగ్గర అరవొచ్చు

లాండ్రీ షాపు
జనవరి మొదట్లో

వదినగారికి నమస్కారాలు.

మీరు పంపిన ఫోటో అందింది. మన మనవలిద్దరూ మీకు చెరో పక్కన నిలబడి, మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని, చూడముచ్చటగా ఉన్నారు. మీ చెయ్యి ఒకటి పిల్ల భుజం మీదుంది, రెండోది పిల్లవాడి నెత్తి మీదుంది. నా చేతులు రెండూ ఖాళీయే కాబట్టి ఫోటోని రెండు చేతులతోనూ పట్టుకుని చూశాను.

ప్రతి ఆదివారం పొద్దున్నే వాళ్ళని లేపి రిజర్వాయర్ గట్టుకి పిట్టల్ని చూడ్డానికి తీసుకెళుతున్నారట. మా అబ్బాయీ మీ అమ్మాయీ కూడా మీ వెనకే వస్తున్నారట. మంచిదే. ఏడేళ్ళ పిల్లకీ నాలుగేళ్ళ పిల్లవాడికీ ఆ చలిలో పిట్టలు అబ్బుతాయో జలుబు అబ్బుతుందో మీకే తెలియాలి. మీరు ఆస్పత్రిలో పనిచేసినవారు, నేను చెప్పేదేముంది.

ఒక్క సంగతి. నేను అల్లి పంపిన ఎర్ర స్వెటర్లు ఫోటోలో ఎక్కడా కనబడలేదు. ఇద్దరూ పాచిరంగు జాకెట్లలో ఉన్నారు. స్వెటర్లు బిగుతయ్యాయా, పార్సిల్ దారిలో పోయిందా? దర్యాప్తు చెయ్యడం లేదు, ఊరికే అడుగుతున్నాను.

ఫోన్ చేస్తే పోయేదానికి ఈవిడకి ఉత్తరాలేమిటని మీ అమ్మాయి నవ్విందట. నవ్వనీయండి. ఇక్కడ బట్టలుతికే మిషన్ల హోరులో ఫోన్లో ఎవరేం చెప్పినా గుడగుడమనే ఉంటుంది. కాగితమైతే మన తీరికని బట్టి ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

సూదినీ బంతినీ అడిగానని చెప్పండి. ఆ పేర్లు నేను పెట్టినవి. సన్నగా, చురుగ్గా ఉంటుందని దానికి సూది. గుండ్రంగా ఇల్లంతా దొర్లుతుంటాడని వాడికి బంతి. మీ ఇంట్లో ఆ పేర్లు వాడుకలో ఉన్నాయో లేదో.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి


రిజర్వాయర్ రోడ్డు
జనవరి చివర

వదినగారికి,

స్వెటర్లు భద్రంగా బీరువాలో ఉన్నాయి. ఎరుపు మైలు దూరానికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, పిట్టలు బెదిరి లేచిపోతాయి. అందుకే బయటికి పాచిరంగు, ఇంట్లో మీ ఎరుపు. అల్లిక మాత్రం ఎంత బాగుందో! నాకంత ఓపిక ఎప్పుడూ లేదు. జలుబు సంగతి బెంగపడకండి, పిల్లల చెవులు కప్పి, పాదాలకి మేజోళ్ళు తొడిగి మరీ తీసుకెళుతున్నాను.

ఈ ఆదివారం జరిగింది మీకు చెప్పాలి. ఎక్స్‌రే గదిలో ఇన్నేళ్ళు "కదలకండి, ఊపిరి బిగపట్టండి" అని చెప్పి చెప్పి రిటైరైనదాన్ని కదా, గట్టు మీద పిల్లలకీ అదే చెబుతాను. బంతి ఆ మాట అక్షరాలా పట్టుకున్నాడు. బుగ్గలు పూరించుకుని, ఊపిరి బిగపట్టి, మొహం కందగడ్డలా చేసుకున్నాడు. అంతలో రెల్లు దుబ్బులోంచి లకుముకి పిట్ట నీలంగా దూసుకొచ్చి, నీళ్ళలో పడి, ముక్కున చేపతో లేచింది. వాడు ఒక్కసారి బుస్సున గాలి వదిలేసి, "అమ్మమ్మా, అది నాది! నేనే ముందు చూశా!" అని నా మీదికి దూకాడు. సూదయితే ఎగిరే తీరు చూసి కొంగేదో నీటికాకేదో చెప్పేస్తోంది. అచ్చం నా బుర్రే వచ్చిందని అందరూ అంటున్నారు.

మీ అబ్బాయి గడ్డి మీద వెల్లకిలా పడుకుని గద్దల్ని చూస్తూ అన్నాడు కదా, "నా చిన్నప్పుడు ఇలాంటివేవీ లేవత్తయ్యా. అమ్మకి అసలు తీరికెక్కడిది?" ఆ మాట వింటే నాకు జాలేసింది. ఇప్పుడైనా ఆ ముచ్చట తీరుతున్నందుకు మీరూ సంతోషిస్తారని రాస్తున్నాను.

ఉంటాను,
మీ వదిన


లాండ్రీ షాపు
ఫిబ్రవరి

వదినగారికి,

సంతోషించాను. ఎంత సంతోషించానంటే ఆ రోజు ఒక పెద్దమనిషి కోటు భుజం దగ్గర మాడ్చిపెట్టాను.

తీరిక లేదన్నది నిజమే. వాళ్ళ నాన్న పోయేనాటికి మా వాడిది ఇప్పటి బంతి వయసు. ఇస్త్రీ బల్ల కింద దుప్పట్ల మూటల మీద పడుకునేవాడు. లేచినప్పుడల్లా వాడి చెంప మీద ఎవరిదో దుప్పటి కుట్టు ముద్ర పడి ఉండేది. వాడికి పిట్టల్ని చూపించడం కుదరలేదు. వాడి చొక్కా కాలర్ ఏనాడూ నలగకుండా బడికి పంపడం కుదిరింది. వాడు ఆ ముక్క కూడా మీతో చెప్పాడేమో, మీరు రాయడం మర్చిపోయి ఉంటారు.

సరే, అసలు సంగతికొస్తాను. పిట్టలు మీ రిజర్వాయర్‌కే రావాలని రూలేం లేదు. మా షాపు వెనక గోడ మీదికి కొన్ని రోజులుగా ఒక పిట్ట వస్తోంది. కంఠం నీలం, పొట్ట నారింజ, నెత్తిన తెల్లటి కుచ్చు. తోక చివర రెండీకలు ఉంగరాల్లా చుట్టుకుని ఉంటాయి. పొద్దున్నే ఈల వేసినట్టు పాడుతుంది. ఆ పాటకి కస్టమర్లు చెవికోసుకుంటున్నారు, బట్టలిచ్చేసి కూడా కదలడం లేదు.

మీకు తెలిసిన పిట్టే అయ్యుంటుంది. తెలియకపోతే మీ పుస్తకాల్లో వెతుక్కోండి. పిల్లలతో మాత్రం చెప్పండి, నానమ్మ దగ్గర కూడా ఒకటుందని.

ఇట్లు,
మీ వదిన


రిజర్వాయర్ రోడ్డు
మార్చి మొదటివారం

వదినగారూ,

మీ ఉత్తరం చదివి నిలబడ్డదాన్ని కూర్చోలేదు. ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. నారింజ పొట్ట ఉన్నదానికి కుచ్చు లేదు. కుచ్చు ఉన్నదానికి కంఠం నీలం కాదు. ఉంగరాల తోక ఉన్నది అసలు మన దేశం వైపు తొంగి చూడదు. ముక్కు ఎలా ఉంది? పొట్టిదా, వంపు తిరిగిందా? నేల మీద నడుస్తుందా, గెంతుతుందా? ఒంటరిగా వస్తుందా, జంటగానా?

నిజం చెప్పొద్దూ, నాకు కష్టంగా కూడా ఉంది. డ్యూటీ దిగి, ఎక్స్‌రే గదిలో సీసం కోటు మోసిన నడుంతోటే గట్లంట పడి తిరిగినదాన్ని నేను. దోమలు కుట్టించుకున్నాను, బురదలో చెప్పులు పోగొట్టుకున్నాను. తీరా అలాంటి పిట్ట వచ్చి వాలింది ఎక్కడయ్యా అంటే మీ షాపు గోడ మీద. మీకేమో దాని పేరు కూడా అక్కర్లేదు!

పిల్లలకి చెప్పమన్నారు కదా, చెప్పాను. అప్పటినుంచి ఇల్లు పీకి పందిరేస్తున్నారు. సూది దాని బొమ్మ గీసి నా లకుముకి పిట్ట ఫోటో మీదే అంటించింది. బడికి నాలుగు రోజులు సెలవులొస్తున్నాయి. అందరం కలిసి వస్తున్నాం. మీరేం హడావుడి పడకండి, నేను మేడ మీద చాప వేసుకుని కూర్చుంటాను. నాకా పిట్ట కనబడితే చాలు.

మీ వదిన


లాండ్రీ షాపు
మార్చి

వదినగారికి,

రావడం సంతోషమే. కాని పైపులు వెయ్యడానికని మా వీధంతా తవ్విపోశారు. గదులు ఇరుకు. ఆవిరి వేడికి మధ్యాహ్నం ఇంట్లో కూర్చోలేం. ఆ పిట్ట కూడా ఈ మధ్య సరిగ్గా రావడం లేదు. సిగ్గరి. ఇంతమందిని చూస్తే అసలే రాదేమో.

ముక్కు ముక్కులాగే ఉంది. నడుస్తుందో గెంతుతుందో చూడలేదు, నేను బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటాను.

ఇంత రాశాక కూడా వచ్చేట్టయితే రండి. పిల్లలు మాత్రం రావడం మానకూడదు. మీకు ప్రయాణం బడలిక అనుకుంటే మీరు మానుకోండి, నేనేమీ అనుకోను.

మీ వదిన


రిజర్వాయర్ రోడ్డు
మార్చి చివర

వదినగారికి,

అందరం క్షేమంగా చేరాం. వద్దన్నా వినకుండా మా బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి పంపారు. నా పాత జాకెట్ కొత్తదానిలా ఉంది.

ఈ ఉత్తరం చదివి చింపెయ్యండి.

రెండో రోజు పొద్దున మేడ మీద, ఆవిరి గొట్టం పక్కన మనమందరం వరసగా కూర్చున్నాం. ఒక పిట్ట వచ్చింది. మీ వెనక, వెనకింటి గోడ మీద వాలి గొంతెత్తి పాడింది. పిల్లలు గంతేశారు. సూది మీ ముందుకొచ్చి, మీ చెయ్యి పట్టుకుని "నానమ్మా, అదేనా?" అంది. మీరు "అదే, అదే" అన్నారు. మేమంతా గోడ వైపు తిరిగి ఉన్నాం. మీరు ఎదురుగా ఉన్న వీధి దీపం వైపు చూస్తున్నారు.

అది గోధుమరంగు పిట్ట, ఊరూరా ఉండేదే. నీలం లేదు, నారింజ లేదు. పిల్లలు మొహమొహాలు చూసుకుంటే మీ అబ్బాయి, "ఎండ పడితే దాని రంగులు బయటికొస్తాయర్రా" అని సర్దిచెప్పాడు. నమ్మారు. నీలం కంఠం పిట్టని నేను మధ్యాహ్నం చూశాను లెండి. కౌంటరు వెనక హ్యాంగర్‌కి వేలాడుతున్న ఎవరో ఇంకా తీసుకెళ్ళని కర్టెన్ మీద, నెత్తిన కుచ్చుతో, ఉంగరాల తోకతో, వరసలు వరసలుగా ఉంది. కోపం రాలేదంటే అబద్ధం. తర్వాత బాత్‌రూంలోకి పోయి నవ్వుకున్నాను.

నేను రాయాలనుకున్నది దాని గురించి కాదు. చెవి పక్కనే అంత గట్టిగా పాడుతున్న పిట్ట వైపు మీరు తల తిప్పలేదు. అప్పటినుంచి గమనించాను. వెనకనుంచి పిలిస్తే మీరు పలకరు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి జవాబిస్తారు. ఫోన్ ఎందుకు ఎత్తరో, ఉత్తరాలెందుకు రాస్తారో అప్పుడర్థమైంది. ఆ మిషన్ల మధ్య ఇన్నేళ్ళుండి మీ చెవులు పోయాయి వదినగారూ. మీవాళ్ళెవరికీ తెలియనివ్వలేదు.

ఎక్స్‌రే తీసేవాళ్ళం ఫిల్ములో ఏం కనబడినా రోగితో అనకూడదు. డాక్టరే చెప్పాలి. అలా నోరు కట్టేసుకుని బతికినదాన్ని కాబట్టి ఇక్కడా ఎవరితోనూ అనలేదు. మీరు మాత్రం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీ వదిన


లాండ్రీ షాపు
ఏప్రిల్ మొదట్లో

వదినగారికి,

చింపెయ్యమన్నారు, చింపాను. చింపేముందు చాలాసార్లు చదివాను.

కర్టెన్ గురించి ఏం చెప్పను? దానికి ఇస్త్రీ చేస్తున్నప్పుడు మీ ఉత్తరం పక్కనే ఉంది. మీ మీదికి దూకిన మనవడూ, మీ బుర్ర వచ్చిన మనవరాలూ, మీ పక్కన గడ్డి మీద పడుకున్న నా కొడుకూ అందులో ఉన్నారు. కర్టెన్ మీద ఈ పిట్ట ఉంది. రాసేశాను.

చెవుల సంగతి నాకు తెలియదనుకున్నారా? ముందు సన్న గొంతులు పోయాయి. తర్వాత వాన చప్పుడు పోయింది. మొన్నటిదాకా మిషన్ల హోరైనా ఉండేది, ఇప్పుడదీ నేల అదిరితేనే తెలుస్తోంది. కస్టమర్లతో ఇబ్బంది లేదు. వాళ్ళడిగేవి ఎప్పుడూ ఆ రెండే. ఎప్పుడిస్తారు, మరక పోతుందా.

మీ అమ్మాయికి ఆఫీసువాళ్ళ ట్రైనింగ్ ఉందట కదా. ఎండాకాలం సెలవులు పిల్లల్ని నా దగ్గర వదులుతానని బయల్దేరేముందు తనే అంది. వాళ్ళు పుట్టినప్పటినుంచి మీ వీధిలోనే ఉన్నారు. ఇద్దర్నీ నా ఒక్కదాని దగ్గర వదలడం ఇదే మొదటిసారి. ఇప్పుడు ఈ సంగతి తెలిస్తే ఏమంటారు? అక్కడ బాయిలరుంది, రోడ్డుంది, పిల్లాడు అరిచినా ముసలిదానికి వినబడదు, వద్దంటారు. అనడంలో తప్పు కూడా లేదు. అయినా ఈ ఒక్క సెలవులూ పోనివ్వండి. అవగానే నేనే వెళ్ళి డాక్టరుకి చూపించుకుంటాను.

ఇన్నేళ్ళలో మిమ్మల్ని నేనేదీ అడగలేదు. అడగాల్సి వస్తుందేమోనని కొంత దూరంగానే ఉన్నాను. ఇది అడుగుతున్నాను.

మీ వదిన


రిజర్వాయర్ రోడ్డు
ఏప్రిల్

వదినగారికి,

చెప్పను. మాటిస్తున్నాను.

మీరు మనసు విప్పి రాశారు కాబట్టి నేనూ ఒకటి దాచకుండా రాస్తాను. మీ ఊరినుంచి వచ్చాక మా ఆదివారాలు మునుపట్లా లేవు. మొన్న బంతి గట్టు మీద నిలబడి గొంతు చించుకుని కేకేశాడు. నీళ్ళ మీద బాతుల గుంపంతా లేచిపోయింది. పొద్దున్నుంచీ వాటి కోసమే కూర్చున్నాం. "ఏంట్రా ఆ అరుపు?" అంటే, "నానమ్మ దగ్గర అరవొచ్చు" అన్నాడు.

సూదిని పక్కకి పిలిచి అడిగాను. "ఏముందే అక్కడ, ఆ గోధుమరంగు పిట్ట తప్ప?"

"మేం మాట్లాడితే నానమ్మ మమ్మల్నే చూస్తుంది. నువ్వేమో పిట్టల్ని చూస్తావు" అంది.

మీరెందుకు చూస్తారో నాకు తెలుసు. పెదాలు చూడకపోతే మాట అందదు కాబట్టి చూస్తారు. ఆ ఒక్క ముక్క దానితో అనేస్తే తేలిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది, మింగాను. ఎంత కష్టపడి మింగానో మీకు తెలియాలని రాస్తున్నాను.

మీ వదిన


లాండ్రీ షాపు
మే

మా కోడలి తల్లిగారికి,

నిన్న మా అబ్బాయి వచ్చాడు. చెప్పకుండా, ఒక్కడే వచ్చాడు. నేను ప్రెస్ దగ్గర అటు తిరిగి పని చేసుకుంటున్నాను. గుమ్మంలో నిలబడి నన్ను పిలుస్తూనే ఉన్నాడట. నేను ఇటు తిరిగేసరికి ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"అమ్మా, ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"దేనికిరా?" అన్నాను.

"అత్తయ్య చెప్పింది" అన్నాడు.

పిల్లల్ని పంపరట. సెలవులు మీ దగ్గరే గడుపుతారట. వాళ్ళ కోసం మేడ మీద కట్టించిన పందిరి కింద ఇప్పుడు హోటలువాళ్ళ దుప్పట్లు ఆరేశాను.

మింగానని రాశారు. బాగానే మింగారు.

నాకిక ఉత్తరాలు రాయకండి.


రిజర్వాయర్ రోడ్డు
మే

వదినగారికి,

రాయొద్దన్నారు, రాస్తున్నాను. విప్పకుండా పడేస్తే పడెయ్యండి.

ఆ రోజు మీ దగ్గరికి పంపడానికి పిల్లల సంచీ సర్దుతున్నాం. సూది మెడలోంచి బైనాక్యులర్ తీసి నా బల్ల మీద పెట్టింది. అది నేను కొనిచ్చింది. ఆర్నెల్లుగా పడుకునేటప్పుడు కూడా దిండు కింద పెట్టుకునేది. "ఇది నీ దగ్గరే ఉండనీ అమ్మమ్మా, అక్కడ దీంతో పన్లేదు" అంది. మామూలుగానే అంది, నన్ను నొప్పించాలని కాదు. మా అమ్మాయి సంచీ జిప్పు లాగుతూ, "ఇంకేమైనా మర్చిపోయామా అమ్మా?" అని అడిగింది.

"మీ అత్తగారికి చెవులు వినబడవు. ఆ సంగతి మర్చిపోయారు" అన్నాను.

నోరు జారి కాదు. కావాలనే అన్నాను. పిల్లల క్షేమం కోసమే అన్నానని నాకు నేను నచ్చజెప్పుకోవాలని చూశాను. కుదరలేదు. కుళ్ళుకుని అన్నాను.

పిల్లలిప్పుడు నా దగ్గరే ఉన్నారు. గెలిచాను. ఆదివారం గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. బంతి అరవలేదు. సూది ఒక్క పిట్ట పేరూ అడగలేదు. ఎవరు చెప్పడం వల్ల ప్రయాణం ఆగిందో దానికి తెలుసు. నేను బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకుని ఖాళీ నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. దించితే వాళ్ళ మొహాలు చూడాలి కదా.

ఇంటికొచ్చాక మీ అబ్బాయినీ మా అమ్మాయినీ కూర్చోబెట్టి మిగతా సగం చెప్పాను. బాయిలర్ గదికి పిల్లలకి అందనంత ఎత్తులో గడియ ఉందని చెప్పాను. వీధి వైపు కౌంటరు తలుపు మీరెప్పుడూ వేసే ఉంచుతారని చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని ఇంకో సంగతి కూడా చెప్పాను. మార్చిలో మీ మేడ మీద నేను ఆ గోధుమరంగు పిట్టని ఇంకాస్త దగ్గరగా చూద్దామని గోడ మీంచి మెడ చాచిన క్షణంలో బంతి మేడమెట్ల అంచుదాకా పోయాడు. నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. అయినా వాడి చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగింది మీరే. అప్పుడు మీరు నా వైపు ఒకసారి చూసి, ఎవరితోనూ ఏమీ అనలేదు.

"కుళ్ళుతో చెప్పానర్రా. పిల్లల్ని పంపండి" అన్నాను. మా అమ్మాయి నన్ను చూసిన చూపు గురించి రాయను. మీ అబ్బాయి మాత్రం, "ముందు అమ్మని డాక్టరుకి చూపిస్తాను. తర్వాత పంపుతాను" అన్నాడు.

నన్ను ఇంకా వదిన అంటారో లేదో తెలియక సంతకం చెయ్యడం లేదు.


లాండ్రీ షాపు
మే చివర

వదినగారికి,

సంతకం లేకపోతే మాత్రం మీ దస్తూరీ తెలియదా?

డాక్టరు చూశాడు. రెండు చెవులకీ మిషన్లు పెట్టాడు. మా అబ్బాయి దగ్గరుండి చేయించి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి తీసుకొచ్చాడు. షాపు తలుపు కీచుమంటుందని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు. నడిస్తే నా చెప్పులు టపటపమంటాయి. కస్టమర్లు బట్టలు తీసుకుని మెట్లు దిగుతూ ఏమేం గొణుగుతారో ఇప్పుడు వినబడుతోంది, వినబడనప్పుడే సుఖంగా ఉంది. వెనక గోడ మీది మీ గోధుమరంగు పిట్ట కూడా పాడింది. ఇంతేనా అనిపించింది. దీనికోసమా మీరు అన్ని దోమలు కుట్టించుకున్నది!

మా అబ్బాయి పిల్లల్ని దించి వెళ్ళి వారమవుతోంది. మీరు రాలేదు. నేను రమ్మనలేదు కాబట్టి రాలేదని నాకు తెలుసు.

మెట్ల సంగతి మీరే బయటపెట్టారని విన్నాను. ఆ రోజు నేను ఊరుకున్నది పెద్దమనసుతో అనుకున్నారేమో. కాదు. ఎప్పుడైనా అవసరానికి పనికొస్తుందని దాచుకున్నాను. మంచి సంగతి, చేతికందేలా పెట్టుకున్నాను. దాన్ని కాస్తా మీరే వాడేశారు. మీరు చేసిన పని మర్చిపోయానని మాత్రం అనుకోకండి. ఇస్త్రీ చేస్తుండగా గుర్తొస్తే ఇప్పటికీ పెట్టె గట్టిగానే అదుముతున్నాను.

అయినా ఇది రాయక తప్పడం లేదు. నిన్న బంతి మేడ మీంచి కేకలేసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టి లాక్కుపోయాడు. ఇప్పుడు వాడు అరిస్తే నాకు తల దిమ్మెక్కుతోంది, అది వేరే సంగతి. నీళ్ళ ట్యాంకు అంచున ఒక పిట్ట ఉంది. బూడిదరంగు వీపు, పసుపు పొట్ట. తోక పైకీ కిందకీ ఊపుతూ నడుస్తోంది. నడుస్తోంది, గెంతడం లేదు. మీరడుగుతారని జాగ్రత్తగా చూశాను.

"నానమ్మా, దీని పేరేంటి?" అన్నాడు.

"పసుపు పిట్ట" అన్నాను.

"అది రంగు. పేరు చెప్పు."

"తోకూపే పిట్ట."

నా మొహంలోకి తేరిపార చూశాడు. "నీకు తెలీదు. అమ్మమ్మకి తెలుసు" అన్నాడు. తర్వాత ట్యాంకు వైపు తిరిగి, "అమ్మమ్మ వచ్చేదాకా ఇది ఉంటుందా?" అన్నాడు.

"పేరు ఉత్తరంలో రాసి పంపమని అడుగుతాలేరా" అన్నాను. అలా కుదరదట. మీరే వచ్చి, వేలు పెట్టి చూపించి చెప్పాలట. సూదేమో అప్పటినుంచి బస్సు ఆగే వైపు కిటికీ దగ్గరే కూర్చుంటోంది.

ఈ మాటలు నా చేత్తో మీకు రాస్తుంటే కడుపు మండుతోంది. అయినా రాస్తున్నాను. శనివారం బస్సుకి రండి. నేనే స్టాండుకి వస్తాను.

వేరే గది లేదు కాబట్టి మా గదిలోనే పడుకోవాలి. పరుపు వెడల్పుదే. గోడ వైపు మీరు, తలుపు వైపు నేను, మధ్యలో పిల్లలు. బంతి నిద్రలో ఎటు దొర్లితే అటు, వాడిష్టం. నేను ఇటు లాక్కోను. మీరూ అటు లాక్కోకూడదు.

మీ వదిన